మోటర్ల చంద్రయ్య ల్యాప్‌టాప్ విప్పిన ఆదివారం

మా తాత పేరు రామచంద్రయ్య. ఆ పేరుతో అడిగితే శంషాబాద్‌లో మా ఇల్లు ఎవరూ చూపించరు. మోటర్ల చంద్రయ్య ఇల్లు అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లో దింపి పోతారు.

ఈ చుట్టుపక్కల బోరుబావుల్లోకి దిగిన మోటర్లలో తాత చెయ్యి పడనివి తక్కువ. కాలిన మోటర్‌ను పైకి తీయించి సైకిల్ మీద ఇంటికి తెచ్చేవాడు. లోపల మాడిపోయిన రాగితీగంతా ఊడదీసి కొత్త తీగ చుట్టేవాడు, దాన్నే వైండింగ్ అంటారు. మళ్లీ బావిలో దింపి, పైపు నోట్లోంచి నీళ్లు దూకితే ఒక దోసిలి తాగి, రైతు ఇంట్లో చాయ్ కూడా తాగి వచ్చేవాడు. నీళ్లు రుచి చూడకుండా చాయ్ తాగడం ఆయన దృష్టిలో పెద్ద తప్పు. ఇక చెవుల సంగతి చెప్పాలి. కొత్వాల్‌గూడ దారిలో సైకిల్ ఆపి, కళ్లు మూసుకుని, ఆ గరగరమనేది సత్తయ్య మోటరు, బేరింగు పోతోంది, నెల తిరగకుండా నా దగ్గరికి వస్తాడు అని చెప్పేవాడట. సత్తయ్య వచ్చేవాడట. అన్నీ 'అట'లే, ఎందుకంటే ఈ మాటలకు సాక్షి తాత ఒక్కడే. నాకు బుద్ధి తెలిసేసరికి సత్తయ్య పొలం ఎయిర్‌పోర్టులో కలిసి, దాని మీదుగా విమానాలు దిగుతున్నాయి.

పొలాలు పోయాక మోటర్లు పోయాయి. ద్రాక్షతోటలు పోయాయి, వరి పోయింది, టమాటా పోయింది. మిగిలినవాళ్లు ప్లాట్లు కొట్టి అమ్ముకున్నారు. ప్లాట్లకు బోర్లు ఉంటాయి కానీ వాటి మోటరు కాలితే తీగ చుట్టించేంత ఓపిక ఎవరికీ లేదు, కొత్తది కొని దించేస్తారు. తాత సీలింగ్ ఫ్యాన్లకు, కూలర్లకు, మిక్సీలకు దిగాడు. ఫ్యాన్ల చంద్రయ్య అని పిలవమని నేను చిన్నప్పుడు వీధంతా ప్రచారం చేశాను. తాత చీపురు పట్టుకుని వెంటపడ్డాడు. పేరు మాత్రం మారనివ్వలేదు.

రెండేళ్ల కింద ఒక పొద్దున తాత నోరు వంకర పోయింది, కుడి చెయ్యి లేవలేదు. దవాఖానలో కొన్నాళ్లు ఉండి వచ్చాక నోరు సర్దుకుంది. నోటికి అలవాటైన తిట్లన్నీ తిరిగొచ్చాయి. చెయ్యి కూడా లేచింది కానీ వణుకు పట్టుకుంది. గ్లాసు పట్టుకుంటే చాయ్ సాసర్‌లో, సాసర్ పట్టుకుంటే పంచె మీద. అయినా ఆగలేదు. పక్కింటి రేణుకమ్మ టేబుల్ ఫ్యాన్ విప్పి, ప్లగ్గు తీయడం మరిచిపోయి, వణికే చేత్తో తీగ ముట్టుకున్నాడు. గోడకు పోయి పడ్డాడు.

తాత కొడుకు, అంటే మా బాపు రవీందర్, ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. మెత్తని మనిషి. ఆ రోజు మాత్రం తాత పనిముట్ల ఇనుప డబ్బా ఎత్తి సజ్జ మీద పెట్టాడు, ముందు పాత పరుపు చుట్ట అడ్డం పెట్టాడు. అప్పటినుంచి తాత వాకిట్లో కూర్చుంటాడు. భోజనానికి లోపలికి వచ్చినప్పుడల్లా సజ్జ వైపు చూస్తాడు, అక్కడేదో దేవుడి పటం ఉన్నట్టు. దండం పెట్టు తాతా, ప్రసాదం రాలుతుందేమో అని నేను అనేదాన్ని. మొదట్లో తిట్టేవాడు. కొన్నాళ్లకు తిట్టడం మానేశాడు. అప్పుడు నాకు భయమేసింది.

ల్యాప్‌టాప్ కథ ఇక్కడ మొదలవుతుంది. అది మా అరుణత్తది. అత్త డిగ్రీ చదివేటప్పుడు కొన్నారు. నల్లగా, లావుగా, ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలేలా ఉంటుంది. పెళ్లయి కందుకూరు పోతూ అత్త దాన్ని మాకే వదిలేసింది. అప్పటికే దానికి ముసలితనం వచ్చింది. బటన్ నొక్కి, చాయ్ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వస్తే అప్పుడు తెర వెలిగేది. లోపలి ఫ్యాను పిండి గిర్నీలా మోత పెట్టేది. పాత సామాను తీసుకుని ప్లాస్టిక్ టబ్బులిచ్చేవాడికి వేసేద్దామని బాపు చాలాసార్లు అన్నాడు.

నేను ఇంటర్ రెండో ఏడు మధ్యలో దిగిపోయినదాన్ని. బుద్వేల్ దాకా బస్సులో పోయి చదివినందుకు నాకు బాగా వచ్చింది ఏదైనా ఉందంటే కదిలే బస్సు ఎక్కడం. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో ఒక కాఫీ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. అక్కడ లెక్కలన్నీ కంప్యూటర్ మీదే. ఇంట్లో ఒకటి ఉంటే నేర్చుకోవచ్చనిపించింది. నాతో పనిచేసే శివశంకర్ ల్యాప్‌టాప్ మోడల్ చూసి, దీన్ని పడేయొద్దు, పాత డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టు, ర్యామ్ ఎక్కువది వెయ్యి, ఫ్యానులో దుమ్ము దులుపు, గుర్రంలా పరిగెడుతుంది అన్నాడు. ర్యామ్ అంటే వేలెడంత ఆకుపచ్చ పట్టీ, అడుగంచున బంగారు రంగు పళ్లు వరసగా ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ చూడ్డానికి చిన్న ఇనుప అగ్గిపెట్టెలా ఉంటుంది. రెండూ తెప్పించాను. ఎలా విప్పాలో ఫోన్‌లో వీడియోలు కూడా చూసి పెట్టుకున్నాను.

ఒక సాయంత్రం ఆ సామానంతా మంచం మీద పరుచుకుని చూసుకుంటుంటే తాత గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. వణుకు కనపడకుండా ఈ మధ్య అలాగే నిలబడుతున్నాడు.

"విప్పుతున్నవా?" అన్నాడు.

అవునన్నాను.

"ఎవలు విప్పుతరు?"

ఆ ప్రశ్నకు నేను వెటకారంగా జవాబు చెప్పాల్సింది. నువ్వే అన్నాను.

బాపును ఒప్పించడం సులువు కాలేదు. దీనికి బ్యాటరీ ఊడదీస్తే లోపల కరెంటే ఉండదు, బొమ్మ విప్పినట్టే అని నేను, బొమ్మయితే నువ్వే విప్పుకో అని బాపు. తాత ఇద్దరి మధ్యా కూర్చుని నేల చూస్తున్నాడు. చివరికి బాపు ఆయన వైపు తిరక్కుండా నాతో అన్నాడు.

"బ్యాటరీ తీసినంకనే ముట్టనియ్యి. అది నడిస్తే డబ్బా దించుత. నడవకపోతే ఇగ ఆ ముచ్చట మల్ల ఎత్తొద్దు."

"కాయితం మీద రాసియ్యమంటవారా?" అన్నాడు తాత. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో ఆ పొగరు విన్నాను.

ఆదివారం పొద్దున్నే తాత స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. పెళ్లికొడుకు వచ్చాడు, పెళ్లికూతురేదని నాయనమ్మను అడిగాను. ఆమె దేవుడి దగ్గర కూర్చుని ఉంది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బేరింగు కానీ, రాగితీగ కానీ, మోటర్‌లోకి పోయే కొత్త సామాను ఏదైనా ముందు మా నాయనమ్మ లచ్చమ్మ చేతికి రావాలి. ఆమె పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాకే తాత దాన్ని ముట్టుకుంటాడు. ఆమె పుట్టింటికి పోతే పని ఆగేదట. రైతులు నాలుగు రోజులు పొలం ఎండబెట్టుకుని ఎదురుచూసేవాళ్లు తప్ప, బొట్టు లేకుండా బిగించు అని అనేవాళ్లు కారట. నేను తల దువ్వుకుని వచ్చేసరికి కొత్త సామాను పళ్లెంలో ఉంది. ఎస్‌ఎస్‌డీ నడినెత్తిన ఎర్రటి బొట్టు. చూసి పడీ పడీ నవ్వాను. ర్యామ్ పక్కన బుద్ధిగా పడుకుని ఉంది. దాని మీద బొట్టేమీ కనపడలేదు.

తాత వాకిట్లో చాప మీద తెల్ల తువ్వాల పరిచాడు. బ్యాటరీ నేను తీశాను, తీసి బాపుకు చూపించాను. ల్యాప్‌టాప్ బోర్లా పెట్టి తాత పేచ్‌కస్ అడిగాడు. నేను కొన్న చిన్న స్క్రూడ్రైవర్ ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది పళ్లు కుట్టుకునేదా అని అడిగాడు. కుడి మోచెయ్యి మోకాలి మీద ఆనించాడు, ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఆవగింజంత స్క్రూ తల మీద ఆ మొన నిలవడానికి ఎంతసేపు పట్టిందో. జారేది, మళ్లీ పెట్టేవాడు. నేను విప్పుతానంటే కళ్లతోనే వద్దనేవాడు. మా ఇంటి మీదుగా విమానం పోతే రేకులన్నీ గడగడలాడతాయి. తమాషా ఏమిటంటే, ఇల్లంతా వణికే ఆ కాసేపూ తాత చెయ్యి ఆగేది. విమానం రాకపోతే కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. తర్వాతి దానికోసం ఎదురుచూసేవాడు. ఇలా పోతే ఢిల్లీ నుంచి టైం టేబుల్ తెప్పించాలి అన్నాను.

ఊడిన ప్రతి స్క్రూనూ తువ్వాల మీద, మిషన్‌లో అది ఉన్న చోటే ఉన్నట్టుగా పేర్చాడు. మూలది మూలకు, నడిమిది నడిమికి. చూస్తే తువ్వాల మీద ల్యాప్‌టాప్ నీడ పడుకున్నట్టుంది.

వెనక మూత లేచింది. దూది ఏకినట్టు దుమ్ము. పాత కుంచెతో దాన్ని తీస్తూ తీస్తూ తాత ఒక్కసారి ఆగిపోయాడు. అరచేతిలో ఇమిడేంత ఫ్యాను. వేలితో దాని రెక్క తట్టాడు. తిరిగింది. చెవి దగ్గరికి వంగి మళ్లీ తట్టాడు.

"గిండ్ల గూడ మోటర్ ఉన్నది బిడ్డా," అన్నాడు మెల్లగా.

ఇక అక్కణ్నుంచి నేను లేను, వీడియో లేదు. తాత, ఆ ఫ్యాను. బేరింగు ఎండిపోయిందన్నాడు. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క పుల్లతో పెట్టించాడు. తిప్పాడు, విన్నాడు, తిప్పాడు. బావి గట్టు మీద ఆయన ఎలా నిలబడేవాడో నేనెప్పుడూ చూడలేదు. ఆ పూట చూసినట్టే అయింది.

తర్వాత పాత డిస్కు తీసి బొట్టు పెట్టుకున్న ఎస్‌ఎస్‌డీ పెట్టాడు. పాత ర్యామ్ తీసి కొత్తది ఏటవాలుగా దూర్చి, బొటనవేలితో నొక్కాడు. నొక్కేటప్పుడు చెయ్యి గట్టిగా అదిరింది. టక్కుమని కూర్చుంది. మూత, స్క్రూలు, బ్యాటరీ. నాయనమ్మ దండం పెట్టుకుంది. బాపు కూడా వచ్చి నిలబడ్డాడు. తాత బటన్ నొక్కాడు.

లైటు వెలిగింది. ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. తెర నల్లగానే ఉంది. లోపలి నుంచి కీచుకీచుమని చప్పుడు మొదలైంది, పిట్ట పిల్ల గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు. ఆపి మళ్లీ పెట్టాం. అదే చప్పుడు.

బాపు తాత వైపు చూడలేదు. సామాను పనికిరానిదేమో, రేపు దుకాణంలో వాపసిచ్చెయ్యి అని నాతో చెప్పి బండి తీసుకుని పోయాడు. తాత స్క్రూడ్రైవర్‌ను తువ్వాలలో చుట్టి నా చేతికిచ్చాడు.

"సామాన్‌ది గాదు. నొక్కినప్పుడు అదిరింది, లోపల ఏదో ఇరిగింది. చెయ్యే కాలిపోయింది బిడ్డా. దీనికి వైండింగ్ లేదు."

లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి వచ్చినప్పుడు సజ్జ వైపు చూడలేదు.

మర్నాడు నాకు మధ్యాహ్నం డ్యూటీ. పోయే దారిలో ర్యామ్ వాపసిద్దామని పొద్దున్నే మూత విప్పి దాన్ని బయటికి లాగాను. వాకిట్లో ఎండలో పట్టుకుని చూస్తే ఎక్కడా విరగలేదు, పగల్లేదు. పళ్ల మీద దుమ్మేమో అని నా తెల్ల చున్నీ కొసతో తుడిచాను. చున్నీ పచ్చగా అయింది. బంగారు రంగు ఇలా ఊడుతుందా, దుకాణంవాడు నకిలీది అంటగట్టాడని వాణ్ని తిట్టుకుంటూ వాసన చూశాను. అది బంగారం కాదు. మా వంటింటి వాసన.

నాయనమ్మను పిలిచి, దీనికేం చేశావని అడిగాను. ఆమెకు నా మొహం చూసి అనుమానం రాలేదు, సంతోషంగా చెప్పింది.

"ఆ అగ్గిపెట్టె లెక్క ఉన్నదానికి బొట్టు పెట్టిన. దీనికి అంచు మెరుస్తుంటే గడప యాదికొచ్చింది. శుక్రారం గడపకు రాసినట్టు నిండుగ పసుపు రాసిన."

పట్టీ అంచు మొదలు నుంచి చివరిదాకా, రెండు వైపులా, ఒక్క పన్ను కూడా వదలకుండా రాసింది. పసుపు బంగారు రంగులో కలిసిపోయి ఎండిపోయింది. తాత కళ్లద్దాలకు కనపడలేదు, నా కళ్లకూ కనపడలేదు. ఆ పళ్లతోనే ర్యామ్ మిషన్‌తో మాట్లాడాలి. మా నాయనమ్మ దాని నోరు భక్తిగా మూసేసింది.

తాతను లేపాను. ఆయన లేవనన్నాడు. ర్యామ్‌ను, చున్నీ కొసను ముక్కు దగ్గర పెట్టాను.

"తప్పు నీ చేతిది గాదు తాతా. నాయనమ్మ చేతిది."

ఆయన లేచి కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ర్యామ్ వైపు కాదు, చాలాసేపు తన కుడి చెయ్యి వైపు చూసుకున్నాడు. అది వణుకుతూనే ఉంది. దాన్ని వెనక్కి దాచుకోలేదు.

ఈలోగా గుమ్మంలో నాయనమ్మకు సంగతి అర్థమైంది. ఆమెకు తప్పు ఒప్పుకోవడం తెలియదు. "గన్ని మోటర్లకు పెట్టిన. ఒక్కటన్న ఆగిందా?" అంది, కానీ గొంతు కొంచెం లోపలికి పోయింది.

తాత ఆమెను తిడతాడని ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే కాస్త ఆశ కూడా పడ్డాను.

"అవి ఇనుపయి లచ్చి," అన్నాడు. "ఇది జర నాజూకుది. నీ పసుపుకు ఆగలే."

పళ్లు శుభ్రం చేయడానికి పెన్సిల్ రబ్బరు కావాలని వీడియోలో చెప్పారు. నా స్కూలు సంచీ వెతికితే కొత్తదానిలా దొరికింది. తప్పులు దిద్దుకునేదాకా కూడా నేను చదవలేదు కదా. తాత రబ్బరు వేళ్ల మధ్య పట్టుకుని పళ్ల మీద ఆనించాడు. అంతే, రుద్దాల్సిన పని లేదు. చెయ్యి తనంతట తాను అటూ ఇటూ వణుకుతుంటే రబ్బరు చకచకా రుద్దుకుంటోంది. మిషన్ పెట్టి చేసినట్టుంది తాతా, దీనికి కూడా ప్లగ్గు ఉందా అన్నాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వితే రబ్బరు ఇంకా వేగంగా పోయింది. పళ్లెంలో పసుపు పొడి రాలింది. ర్యామ్ కూర్చునే గాడిలో కూడా కొంత అంటుకుంటే, ఆయన ఇంజెక్షన్లకు తెచ్చిన స్పిరిట్‌లో కుంచె ముంచి తుడిచి, ఆరేదాకా ఆగాం.

అప్పుడే బాపు పొద్దుటి ట్రిప్పులు ముగించుకుని వచ్చాడు. వాకిట్లో మళ్లీ తువ్వాల పరిచి ఉండటం చూసి ముందు బ్యాటరీ ఎక్కడుందని అడిగాడు. నేను చూపించాను. జరిగింది చెప్పాను. ఆయన నాయనమ్మ వైపు చూశాడు, ఆమె పైకి చూసింది. బాపు చెప్పులు విడవకుండా అక్కడే అరుగు మీద కూర్చున్నాడు.

తాత ర్యామ్ తీసుకున్నాడు. ఈసారి మణికట్టు పట్టుకోలేదు. విమానం కోసం ఆగలేదు. వణికే వేళ్లతోనే గాడి వెతికాడు, ఒకసారి తప్పింది, రెండోసారి దొరికింది. నొక్కాడు. మళ్లీ అదిరింది. స్క్రూలు ఒక్కొక్కటిగా తువ్వాల మీంచి వాటి వాటి ఇళ్లకు పోయాయి. బ్యాటరీ నేను పెట్టాను.

బటన్ నొక్కాక నల్లటి తెర మీద కంపెనీ పేరు తెల్లటి అక్షరాల్లో వచ్చింది. కీచుమని అనలేదు. శివశంకర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చి, ఖాళీ ఎస్‌ఎస్‌డీలోకి కావాల్సిన ప్రోగ్రాములు ఎక్కించి, ఆపి మళ్లీ బటన్ నొక్కాం. చాయ్ పెట్టడానికి నాయనమ్మ లోపలికి పోతే, నీళ్లు కాగకముందే తెర సిద్ధమైపోయింది.

"ఇగ దీంతోని ఏం జేస్తరు?" అని అడిగాడు తాత. అంతసేపూ ఆయనకు ఆ ప్రశ్నే రాలేదు. లెక్కలు రాస్తారు, టైపు నేర్చుకుంటారని చెప్పాను. అట్లనా అని ఆ మాట పక్కన పెట్టి, మిషన్ వెనక చెవి పెట్టి ఫ్యాను విన్నాడు. మంచిగున్నది అన్నాడు.

బాపు లేచాడు. స్టూలు తెచ్చుకున్నాడు. పరుపు చుట్ట జరిపి, డబ్బా దించి తాత ముందు పెట్టాడు. కరెంటు ఉన్నప్పుడు దేన్నీ ముట్టొద్దని ఒక్క మాట చెప్పాడు. ప్లగ్గు నా పోరి తీస్తది తియ్ అని తాత నన్ను చూపించాడు. ఆ విధంగా ఇంటర్ పాస్ కాకుండానే నాకు రెండో ఉద్యోగం దొరికింది.

మూత తెరిస్తే లోపల అన్నీ తుప్పు. తాత మొహం పాలిపోయింది. బాపు బండిలోంచి గుడ్డ, సీసాలో కొంచెం డీజిల్ తెచ్చాడు. తాతకు ఎదురుగా నేల మీద కూర్చుని ఒక్కో పానా తీసి తుడవడం మొదలుపెట్టాడు. బాపు ఈ డబ్బాను ఎత్తి పెట్టడం చూశాను కానీ, దాని ముందు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఒక పొడుగాటి పానా పట్టుకుని, ఇది దేనికి బాపూ అని అడిగాడు.

అది సత్తయ్య బావి పైపులకు వాడేదని తాత చెప్పాడు. బావి చుట్టూ చింతచెట్లు ఉండేవని, నీళ్లు తియ్యగా ఉండేవని, ఎండాకాలంలో కూడా మోటరు ఒక్క పూట ఆగేది కాదని చెప్పాడు. అది ఇప్పుడు ఎక్కడ పడుతుందని బాపు అడిగాడు. తాత గాలిలో వేలితో గీస్తూ దారి చెప్పాడు. వాగు దాటి, గుట్ట పక్క నుంచి, ఎడమకు. బాపు ఆ గీతను మనసులో తన రోడ్ల మీద పెట్టి చూసుకున్నాడు.

"గాడ్నే నేను రోజూ బండి తిప్పుత," అన్నాడు. "బయటికొచ్చే దారి ఎక్కేకాడ."

"మరి జర మెల్లగ తిప్పు," అన్నాడు తాత. "కింద యాభై గజాల లోతు బావి."

బాపు నవ్వి, ఇంకో పానా అందుకున్నాడు. ఆ పానా పనిచేసిన పొలం ఇంకో దిక్కున ఉంది. నాకు డ్యూటీ టైమైంది. చెప్పులేసుకుని గేటు దాకా వచ్చి వెనక్కి చూస్తే ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకుని ఉన్నారు, నాయనమ్మ తెచ్చిన చాయ్ గ్లాసులు పక్కన అలాగే ఉన్నాయి.